గాలిచాటు

జైపాల్ కాలు సంగతి తెలియని లారీ డ్రైవరు గోదావరిఖనిలో లేడు. అతని యాక్సిలరేటరు కింద కోడిగుడ్డు పెట్టినా పగలదని తోటివాళ్లు చెప్పుకునేవారు. జైపాల్ ఆ మాటను ఎప్పుడూ కాదనలేదు. చెప్పేవాళ్లు మరిచిపోతే టీ కొట్టు దగ్గర తనే గుర్తు చేసేవాడు కూడా.

అతను అనసూర్య ట్రాన్స్‌పోర్టులో ట్రైలర్ నడుపుతాడు. అక్కడి ట్రైలర్లన్నీ ఓపెన్‌కాస్టు గనుల నుంచి నల్గొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు బొగ్గు మోస్తాయి. నిండుగా పోతాయి, ఖాళీగా వస్తాయి. లీటరు డీజిలుకు బండి ఎంత దూరం నడిచిందన్నదే ఆ యార్డులో డ్రైవరు పరువు. దాన్ని వాళ్లు ఆవరేజి అంటారు. ఏటా దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు, అందరికంటే మంచి ఆవరేజి తెచ్చిన డ్రైవరే బండ్లన్నిటి ముందు గుమ్మడికాయ కొట్టాలి. అది యార్డు ఆచారం. కొన్నేళ్లుగా ఆ గుమ్మడికాయ జైపాల్ చేతులు దాటి వేరే చేతుల్లోకి పోలేదు. పండగ ఇంకా దూరం ఉండగానే కొత్త చొక్కా కుట్టించుకునేవాడు.

ఈ ఏడు మృగశిర నాడు యజమానురాలు అనసూర్య డ్రైవర్లందరినీ పిలిచి కొత్త మాట చెప్పింది.

"దసరాకు కొత్త ట్రైలర్ తెస్తున్న. ఏసీ క్యాబిను. ఇయ్యాల్టి నుంచి లెక్క. ఈసారి గుమ్మడికాయ ఎవలు కొడ్తే గా బండి తాళంచెవి వాళ్లకే."

ఆ బండి అప్పుడే తన ఇంటి ముందుకు వచ్చి నిలబడినంత సంబరపడ్డాడు జైపాల్. ఇంటికి పోయి భార్య మమతతో, "ఏసీల కూసుంటె నా రంగు తేలుతదే," అన్నాడు. మమత నవ్వింది. బొగ్గు బండి ఎక్కేవాడి రంగు సంగతి ఆమెకు తెలుసు, చొక్కాలు ఉతికేది ఆమే కదా.

అతని ధీమాలో తప్పేమీ లేదు. ఆ కాలుకు సాటి వచ్చేవాడు యార్డులో లేడు. ఇక అందరికంటే వెనకబడి ఉండేవాడు ఇమ్మాన్యుయేల్. అతను జైపాల్‌కు పోటీ కాదు, దోస్తు. ఇద్దరూ ఒకే గల్లీ పిల్లలు. ఇద్దరి తండ్రులూ ఒకే బాయిలో దిగి బొగ్గు తవ్వారు. ఇద్దరూ ఒకే పాత లారీ మీద క్లీనర్లుగా చేరి ఒకే పళ్లెంలో తిన్నారు. ఆ లారీకి అద్దాలు సరిగా ఉండేవి కావు, క్లీనరు చెయ్యే దానికి కన్ను. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మది. వేళ్లు లోపలికి గుంజితే రా. చెయ్యి ముందుకు విసిరితే పో. ఆ చేతి భాష ఇద్దరికీ ఒకేసారి అబ్బింది.

తర్వాత ఇద్దరూ డ్రైవర్లయ్యారు. జైపాల్ పేరు తెచ్చుకున్నాడు. ఇమ్మాన్యుయేల్ ఏ పేరూ తెచ్చుకోలేదు. ఆదివారం డ్యూటీ పడితే చర్చికి పోలేకపోయానన్న బాధ తప్ప అతనికి వేరే ఫికర్ లేదు. అలాంటి దోస్తంటే జైపాల్‌కు ప్రాణం. తనకంటే వెనక ఉన్నవాడిని ప్రేమించడం ఎంత తేలిక!

మృగశిర వెళ్లిన వారానికి అనసూర్య కూతురు దీప ఇంజనీరింగు చదువు ముగించుకుని వచ్చింది. వచ్చీరాగానే ఇమ్మాన్యుయేల్ బండిని షెడ్డులో పెట్టించింది. క్యాబిను నెత్తిన వంపు తిరిగిన ఫైబరు టోపీ ఒకటి బిగించారు. చక్రాల పక్కన ఉన్న సందులు మూసుకుపోయేలా రెండు వైపులా పొడుగాటి రేకులు కట్టారు. చుట్టూ చేరిన డ్రైవర్లకు ఆ వారమంతా నవ్వులే నవ్వులు.

"లారీకి లంగా గట్టిండ్రురో!" అని ఒకడు అరిచాడు. అందరికంటే గట్టిగా నవ్వింది జైపాల్.

దీప నొచ్చుకోలేదు. "అన్నా, రోడ్డు మీద జోరుగ పోయేటప్పుడు మన డీజిలు సగం దాకా గాలిని నెట్టుడుకే పోతది. ఈ టోపీ ఉంటె గాలి క్యాబినుకు, బాడీకి కొట్టుకోకుంట పైనుంచి జారిపోతది. రేకులుంటె కింద చక్రాలల్ల జొరబడది. ఇంకోటి, ఖాళీగ వచ్చేటప్పుడు గూడ బాడీ మీద తాడిపత్రి కట్టాలె," అంది.

బొగ్గు పోసినప్పుడు పట్టా కట్టడం అందరికీ తెలుసు, కట్టకపోతే గేటు దాటనివ్వరు. ఖాళీ బండికి కట్టడం మాత్రం ఎవరూ వినలేదు. "ఖాళీ గంజుకు మూత ఎందుకమ్మా, ఏం పొంగిపోతదని?" అన్నాడు జైపాల్.

"మూత లేకుంటె గాలి లోపల సుడి తిరిగి బండిని ఎనక్కు గుంజుతదన్నా. నమ్మకం లేకుంటె బండి నడిపేటప్పుడు చెయ్యి బయట పెట్టి చూడు. అరచెయ్యి గాలికి ఎదురుగ పెట్టు, తర్వాత నేల దిక్కు బోర్ల తిప్పు."

"మరి గీ సింగారం వీని బండికే ఎందుకు?"

"అందరికంటె తక్కువ ఆవరేజి ఇదే గద. దీంట్ల పెరిగితె అందరి బండ్లల్ల పెరుగుతది."

ఆ జవాబు జైపాల్‌కు హాయిగా అనిపించింది. ఆ రోజు రోడ్డెక్కాక ఎవరూ చూడకుండా చెయ్యి బయట పెట్టి చూశాడు. అరచెయ్యి ఎదురు పెడితే భుజం వెనక్కి పోయింది. బోర్లా తిప్పితే చెయ్యి ఊరికే నిలబడింది. వెంటనే చెయ్యి లోపలికి తీసుకుని, చిన్న పిల్ల మాట విని పరీక్షలు చేస్తున్నందుకు తనను తనే తిట్టుకున్నాడు.

నెల తిరిగాక దీప యార్డులో ఆవరేజీలు చదివింది. మొదటి పేరు ఇమ్మాన్యుయేల్. రెండో పేరు జైపాల్.

అందరూ ఇమ్మాన్యుయేల్ వీపు చరిచారు. జైపాల్ కూడా చరిచాడు, కాస్త గట్టిగానే చరిచాడు. కడుపులో మంట మాత్రం అక్కడే రాజుకుంది. ఇన్నేళ్లు కాలివేళ్లతో ఇంజను నాడి పట్టుకుని నేర్చుకున్న విద్య అది. మిట్ట ఎక్కేముందు ఎక్కడ ఒత్తాలో, దిగేటప్పుడు ఎక్కడ వదలాలో రోడ్డు రోడ్డంతా అతని మడమలో ఉంది. ఏ విద్యా లేనివాడు నెత్తిన ఒక టోపీ పెట్టుకుని దాన్ని దాటిపోయాడు. ఓడించింది మనిషి అయితే తిట్టుకోవచ్చు. ఫైబరు ముక్కను ఏమని తిడతాడు? అందుకని ఇమ్మాన్యుయేల్‌నే తిట్టుకున్నాడు.

ఇంటికొస్తే మమత, "ఇమ్మాన్యుయేలన్న ఫస్టు వచ్చిండట గద! పాపం మంచోడు, గిన్నేండ్లకు దేవుడు చూసిండు," అంది.

"దేవుడు గాదు, ఫైబరు చూసింది," అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడే దీప దగ్గరికి పోయి తన బండికీ టోపీ పెట్టమని అడిగాడు. నవ్విన నోటితోనే అడగాల్సి రావడం చావుకన్నా హీనంగా ఉంది.

"దసరా అయినంక అందరికీ పెడ్తమన్నా. గప్పటిదాక పోల్చి చూసెటందుకు ఒక ఉత్త బండి ఉండాలె. నువ్వు అందరికంటె మంచిగ నడుపుతవ్, అందుకే నీ బండితోని పోలుస్తున్న," అంది దీప మెచ్చుకోలుగా.

మెచ్చుకోలు అలా కూడా గుచ్చుకుంటుందని జైపాల్‌కు ఆ రోజు తెలిసింది. తను ఉత్త బండి. వాడెంత పైకి పోయాడో కొలవడానికి పాతిన రాయి.

ఆ తర్వాత ఇమ్మాన్యుయేల్ ఏం చేసినా జైపాల్‌కు కంటగింపే. అతను ఖాళీ బండికి ఓపిగ్గా తాళ్లు బిగిస్తుంటే నటన అనిపించేది. అతని భార్య సుజిత కొత్త చీర కట్టుకుని గల్లీలో పోతే, ఇంకా రాని ఏసీ బండి గర్వం ఆ చీరలో కనిపించేది. ఇమ్మాన్యుయేల్ మాత్రం ఎప్పటిలాగే భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు. "గుమ్మడికాయ నువ్వే కొట్టురా, గా పూజలు నాకు రావు. నాకు తాళంచెవి ఇస్తె చాలు," అని పరాచికమాడాడు ఒకసారి. అందరూ నవ్వారు. జైపాల్‌కు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

శ్రావణంలో ఒక పగటిపూట ఇద్దరూ ఖాళీ బండ్లతో తిరిగి వస్తున్నారు. ఇమ్మాన్యుయేల్ ముందు, జైపాల్ వెనక. దాటిపోదామని జైపాల్ దగ్గరికి వచ్చాడు. ఎదురుగా బస్సు రావడంతో ఆగి, ఆ ట్రైలర్ వెనకే అతుక్కుని కొంతసేపు నడిపాడు. ఉన్నట్టుండి కాలికి ఏదో తేడా తెలిసింది. బండి తేలికైంది. అద్దం మీద ఎప్పుడూ కొట్టుకునే గాలి మోత తగ్గింది. యాక్సిలరేటరు మీద కాలు కొంచెం వదిలినా బండి వేగం తగ్గలేదు. అంత గొప్ప కాలు కాబట్టే తెలిసింది, ఇంకొకరికైతే తెలిసేది కాదు.

కావాలని వెనకబడి చూశాడు, గాలి మళ్లీ అద్దాన్ని మొత్తింది. మళ్లీ దగ్గరికి పోయాడు, బండి మళ్లీ తేలికైంది. ముందు బండి గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక బండి దాని చాటున ఊరికే నడిచిపోతోంది. దీప ఈ సంగతి చెప్పలేదు. చెప్పదు కూడా, ఎందుకంటే అనసూర్య యార్డులో అన్నిటికంటే పెద్ద నేరం అదే. ఆమె భర్త ముందు లారీకి అతుక్కుని నడుపుతూ, అది బ్రేకు కొట్టేసరికి దాని కిందికి దూసుకుపోయి చనిపోయాడు. ముందు బండికి దగ్గరగా నడిపినట్టు తెలిస్తే చాలు, ఎంత మొనగాడైనా ఆ రోజే తాళంచెవి తీసుకుని పంపించేస్తుంది.

జైపాల్‌కు భయం వేసింది. భయం కంటే ఏసీ బండి పెద్దదిగా కనిపించింది. అప్పటి నుంచి ఏదో ఒక సాకుతో ఇమ్మాన్యుయేల్ బండి బయలుదేరేదాకా ఆగి, పెద్దపల్లి దాటగానే దాని తోక పట్టుకునేవాడు. పోను రాను అదే పని. తనకు టోపీ ఇవ్వలేదు కదా, ఆ టోపీ పెట్టుకున్నవాడినే తన ముందు టోపీగా పెట్టుకున్నాడు. దారంతా కళ్లముందు ఇమ్మాన్యుయేల్ ట్రైలర్ వెనక తలుపు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఎవడిని చూస్తే ఒళ్లు మండుతుందో వాడి వీపునే పొద్దంతా చూస్తూ నడపడం జైపాల్ తెచ్చిపెట్టుకున్న శిక్ష.

ఇమ్మాన్యుయేల్‌కు రెండో ట్రిప్పులోనే తెలిసిపోయింది. టీ దగ్గర, "ఏందిరా, నా తోకకు గట్ల అతుక్కుంటున్నవ్? నేను బ్రేకు కొడ్తే నీ గతేంగాను?" అన్నాడు.

"రోడ్డు నీ అయ్యదా?" అన్నాడు జైపాల్. నవ్వుతూ అందామనుకున్నాడు కానీ నవ్వు రాలేదు.

ఇమ్మాన్యుయేల్ అతని మొహంలోకి కాసేపు చూసి గ్లాసు కింద పెట్టాడు. ఆ రోజు నుంచి బ్రేకు తొక్కే ముందు కిటికీలోంచి అతని చెయ్యి బయటికి వచ్చేది. అరచెయ్యి కిందికి ఊగేది. నెమ్మది. క్లీనర్లుగా ఉన్నప్పటి సైగ. జైపాల్ దాన్ని చూసి కాలు తీసేవాడు, ఆ చేతిని నమ్ముకుని ఇంకా దగ్గరికి పోయేవాడు. అయినా కృతజ్ఞత పుట్టలేదు. నాకు బండి నడపడం నేర్పుతున్నాడా వీడు, అని మండిపడేవాడు. నా గాలి నువ్వు తింటున్నావు, తిను, అని దానం చేస్తున్నట్టు అనిపించేది ఆ చెయ్యి.

ఆవరేజి మాత్రం పెరిగింది. తర్వాతి నెల చదివినప్పుడు ఇమ్మాన్యుయేల్ వెనక వెంట్రుకవాసి దూరంలో ఉన్నాడు జైపాల్. "టోపీ లేకుంట గింత ఎట్లొచ్చిందన్నా?" అని దీప ఆశ్చర్యపోయింది. డ్రైవర్లు మళ్లీ కోడిగుడ్డు మాట ఎత్తారు.

దసరా దగ్గరపడింది. మధ్యాహ్నం ఎండలో ఇద్దరూ ఖాళీగా కరీంనగర్ దాటి పెద్దపల్లి వైపు వస్తున్నారు. జైపాల్ ఎప్పటిలాగే తోక పట్టుకుని ఉన్నాడు. ముందు బండి వెనక ఎర్ర దీపాలు వెలగలేదు, చెయ్యీ బయటికి రాలేదు. ఉన్నట్టుండి ట్రైలర్ మొత్తం ఎడమకు ఒరిగి రోడ్డు దిగిపోయింది. వేపచెట్టు కొమ్మకు టోపీ కొట్టుకుని ఫెళ్లుమంది. పక్క రేకులు పొలం గట్టుకు తగిలి చిరిగి లేచాయి. అప్పుడు కనిపించాయి జైపాల్‌కు, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. మందకు కాస్త ఇవతల బండి ఆగింది.

గబగబా దిగాడు. బురదలోంచి ఇమ్మాన్యుయేల్ ఎక్కి వస్తున్నాడు. మోచేతి దగ్గర రక్తం కారుతోంది.

"నీకేం తాకలే గద?" అని అడిగాడు.

జైపాల్‌కు అంతా అర్థమైంది. మంద కనిపించాక బ్రేకు కొట్టి ఆగడానికి ఇమ్మాన్యుయేల్‌కు సరిగ్గా సరిపోయేంత దూరం ఉంది. కొడితే వెనక ఉన్నవాడు వచ్చి తన ట్రైలర్ కిందికి దూరతాడు. చెయ్యి ఊపేంత సమయం లేదు. అందుకని తను దిగిపోయి రోడ్డు వదిలాడు.

జైపాల్ ఏదో అనబోయాడు. అంతలో చూపు పైకి పోయింది. టోపీ రెండుగా చీలి వేలాడుతోంది. ఆ సిగ్గులేని మనసు అప్పుడే, అక్కడే, ఆ రక్తం ముందే లోపల గంతు వేసింది. టోపీ పోయింది!

యార్డులో అనసూర్య అందరి ముందూ నిలదీసింది. "బండి ఆగేటంత దూరంల గొర్లు కనవడ్డయంటున్నవ్. మరి బ్రేకు ఎందుకు కొట్టలే?"

ఇమ్మాన్యుయేల్ తల వంచుకున్నాడు. "కొట్టలేకపోయిన అక్కా."

"నిద్రల ఉన్నవా?"

అతను జైపాల్ వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో. "గట్లనే అనుకో అక్కా," అన్నాడు.

"స్టీరింగు మీద నిద్రవొయ్యేటోనికా నేను గింత సామాను పెట్టింది? దసరా దాక ఏం బిగించేది లేదు, ఉత్త బండే నడుపు!" అని అరిచింది అనసూర్య.

జైపాల్ నోరు కుట్టేసినట్టు నిలబడ్డాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, పిల్లల చదువులున్నాయి, వాడే చెప్పనప్పుడు నేనెందుకు చెప్పాలి. ఎన్ని కారణాలు కావాలంటే అన్ని దొరికాయి. సాయంత్రం గల్లీ నల్లా దగ్గర సుజిత బిందె పక్కన పెట్టి అడిగింది.

"అన్నా, మీరు ఎనకనే వస్తున్నరట గద. ఆయన నిజంగనే నిద్రవోయిండా? ఎన్నడు గట్ల చెయ్యలే."

"దుమ్ముల నాకేం కనవడలే చెల్లే," అన్నాడు జైపాల్, ఆమె బిందె వైపు చూస్తూ.

మిగిలిన ట్రిప్పుల్లో ఇమ్మాన్యుయేల్ ఆవరేజి పడిపోయింది. దసరా నాడు బండ్లకు బంతిపూల దండలు వేశారు. మధ్యలో కొత్త ట్రైలర్ నిలబడింది, నెత్తిన టోపీతో, పక్కన రేకులతో. జైపాల్ కొత్త చొక్కా వేసుకుని గుమ్మడికాయ కొట్టాడు. అనసూర్య తాళంచెవి చేతిలో పెట్టి, "నీ కాలు కత ఏందో అందరికి చెప్పు, నేర్చుకుంటరు," అంది.

యార్డంతా చూస్తోంది. వెనక వరసలో మోచేతికి కట్టుతో ఇమ్మాన్యుయేల్ ఉన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదని జైపాల్‌కు తెలుసు. అరచేతిలో తాళంచెవి చల్లగా ఉంది.

"కాలు తేలిగ్గ పెట్టాలె అక్కా. గంతే," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇమ్మాన్యుయేల్ కూడా కొట్టాడు, కట్టు కట్టిన చేత్తోనే. ఆ చప్పట్లు చూసి జైపాల్‌కు మళ్లీ కడుపు మండింది. ఓడిపోయి కూడా వాడు అంత నిమ్మళంగా ఎలా ఉండగలుగుతున్నాడు? గెలిచి కూడా తనెందుకు లేడు?

మొదటి ట్రిప్పు అదే వారం పడింది. బొగ్గు దించి ఖాళీగా తిరిగి వస్తున్నారు. క్యాబిను చల్లగా ఉంది. టోపీ గాలిని పైకి తోసేస్తోంది, బండి నీళ్ల మీద పోతున్నట్టు పోతోంది. జైపాల్ అద్దంలోకి చూశాడు. చాలా వెనక ఇమ్మాన్యుయేల్ బండి, నెత్తిన ఏమీ లేకుండా, గాలినంతా రొమ్ముతో నెట్టుకుంటూ వస్తోంది.

వాడిని రానిద్దాం, ఈసారి నా గాలి తిననిద్దాం, అనుకున్నాడు జైపాల్. ఆ ఒక్క పని జరిగితే లెక్క సరిపోతుందనిపించింది. వేగం తగ్గించాడు. అద్దంలో బండి దగ్గరికి రాలేదు, అదీ నెమ్మదించింది. ఇంకా తగ్గించాడు. అదీ తగ్గింది. ఏసీ చల్లదనం పోతే పోయిందని కిటికీ దించి చెయ్యి బయట పెట్టాడు. వేళ్లు లోపలికి గుంజాడు. రా. మళ్లీ గుంజాడు. రారా, దగ్గరికి రా.

కొంతసేపటికి వెనక బండి కిటికీలోంచి కూడా ఒక చెయ్యి బయటికి వచ్చింది. జైపాల్ ప్రాణం లేచి వచ్చింది. ఇమ్మాన్యుయేల్ దాన్ని ముందుకు విసిరాడు. పో. దారిన పోయే ఏ లారీకైనా క్లీనర్లు ఊపే చెయ్యి అది.

జైపాల్ చేతికి గాలి బలంగా కొడుతోంది. చాలాసేపు దాన్ని లోపలికి తీసుకోలేకపోయాడు. అద్దంలో ఆ దూరం పెద్దపల్లి వచ్చేదాకా అలాగే ఉంది.